కోఠిలో కొన్న హాఫ్‌మన్ వోల్టామీటర్: బిల్లు కట్టే ముందు ఎలక్ట్రోడ్లు చూసుకోండి

విద్యానగర్‌లో మా ఇంట్లోనే హైస్కూలు పిల్లలకు సైన్స్ ట్యూషన్ చెప్తాను. నీళ్లను కరెంటుతో విడగొట్టే ఈ గాజు పరికరాన్ని కోఠిలో ల్యాబ్ సామాను అమ్మే ఒక షాపులో తీసుకున్నా.

గాజు పనికి వంక పెట్టలేం. కొలత గీతలు స్పష్టంగా ఉన్నాయి, కుళాయిలకు కాస్త వాజెలిన్ రాస్తే గ్యాస్ లీకు కాదు. స్టాండు మాత్రం మరీ తేలిక, పిల్లల మోచెయ్యి తగిలితే ఊగుతోంది.

అసలు పేచీ నీళ్లలోకి కరెంటు పంపే ఎలక్ట్రోడ్లతోనే. "కార్బన్‌వి తీస్కోండి మేడం, అందరూ గివే తీస్కపోతరు" అని షాపతను అంటగట్టాడు. ఒక గొట్టంలో హైడ్రోజన్ 20 మిల్లీలీటర్లకు చేరేసరికి రెండోదాంట్లో ఆక్సిజన్ 8 దగ్గరే ఉంది. కొంత ఆక్సిజన్ కార్బన్‌నే తినేసి కార్బన్ డయాక్సైడ్ అవుతుంది, అదేమో నీళ్లలో కరిగిపోతుంది. అడుగున నల్లటి పొడి కూడా. హైడ్రోజన్ ఆక్సిజన్‌కు సరిగ్గా రెండింతలు రావాలి. "మేడం, రెండున్నర వస్తోంది" అన్నారు పిల్లలు. దాదాపు రెండే అనుకోండి అని ఎలా చెప్తాం? ఈ పరికరం కొనేదే ఆ రెండు కోసం. 1805లో శాస్త్రవేత్తలు గే-లుసాక్, హంబోల్ట్ కలిసి ఈ రెండు వాయువులనూ విద్యుత్ రవ్వతో మండించి చూస్తే, 100 పాళ్ల ఆక్సిజన్‌కు సుమారు 200 పాళ్ల హైడ్రోజన్ పట్టింది. మిగతా వాయువుల ఘనపరిమాణాలూ ఇలా చిన్న పూర్ణసంఖ్యల నిష్పత్తిలోనే కలుస్తాయని గే-లుసాక్ 1808లో ప్రకటించాడు, అదే గే-లుసాక్ నియమం. రెండున్నర వచ్చే పరికరంతో ఆ మాట ఎవరు నమ్ముతారు?

పైన డబ్బు కట్టి ప్లాటినంవి మార్చుకున్నా. ధర గట్టిగానే ఉంది, కానీ ఇప్పుడు 20కి 10, ఓ గీత అటూఇటూ. మొదట వచ్చే గ్యాస్‌ను వదిలేసి, మళ్లీ సున్నా నుంచి కొలవండి. ఎందుకంటే హైడ్రోజన్ కన్నా ఆక్సిజన్ నీళ్లలో ఎక్కువ కరుగుతుంది, మొదట్లో అది తక్కువ కనిపిస్తుంది. బోరు నీళ్లు వద్దు, డిస్టిల్డ్ వాటర్‌లో కొద్దిగా సల్ఫ్యూరిక్ ఆసిడ్ కలపండి. ఆసిడ్‌కు భయపడి ఉప్పు వేశారంటే క్లోరిన్ వాసనకు గది ఖాళీ చేయాల్సిందే. ఆక్సిజన్ కుళాయి దగ్గర కణకణలాడే అగరుబత్తి పెడితే భగ్గున మంట లేస్తుంది, పిల్లలు అది మళ్లీ మళ్లీ చేయమంటారు.

డబ్బా మీద "గే-లుసాక్ నియమ నిరూపణ" అని అచ్చేశారు. అది సగమే నిజం. రెండు పాళ్ల హైడ్రోజన్, ఒక పాలు ఆక్సిజన్ కలిస్తే మూడు కాదు, రెండు పాళ్ల ఆవిరే వస్తుంది. ఆ ముక్క ఇందులో కనిపించదు, బోర్డు మీద చెప్పుకోవాల్సిందే. ఒకే ఉష్ణోగ్రత, పీడనాల్లో సమాన ఘనపరిమాణాల్లో అణువులూ సమానమేనని, ఆక్సిజన్ అణువు రెండుగా చీలుతుందని 1811లో ఇటలీ శాస్త్రవేత్త అవగాడ్రో చెప్పాకే ఆ లెక్క కుదిరింది. పరమాణు సిద్ధాంతం చెప్పిన డాల్టన్‌కే మింగుడుపడని సంగతి, పిల్లలు తికమకపడితే తప్పేముంది!

కార్బన్‌తో అయితే రెండు స్టార్లు. ప్లాటినంతో నాలుగు, ఐదోది ఆ స్టాండుకు పోయింది.