హన్మకొండలో టి-17 మైక్: ఆరు నెలలు వాడాక

ముందే చెప్తున్నా, నా హామ్ రేడియోకని (లైసెన్సు తీసుకుని సరదాగా తోటివాళ్లతో మాట్లాడుకునే రేడియో) దీన్ని కొన్నది అవసరమై కాదు, మోజు పుట్టి. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం వాడిన టి-17 చేతి మైక్, హైదరాబాద్‌లో పాత సామాన్లమ్మే ఒకాయన దగ్గర 1,800 రూపాయలకు దొరికింది. మా ఆవిడ చూసి బాత్‌రూమ్ షవర్ పట్టుకొచ్చావా అంది. అచ్చం అలాగే ఉంటుంది మరి.

"చెక్ చేసిన పీసు సార్" అన్నాడు గానీ ఇంటికొచ్చి కలిపితే ఉలుకూ పలుకూ లేదు. ఇది కార్బన్ మైక్. లోపల బొగ్గు రవ్వ, దాని ముందు పల్చటి రేకు. మాట తగిలినప్పుడల్లా రేకు ఆ రవ్వను నొక్కి వదులుతుంటే అందులోంచి పోయే కరెంటు పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. వెనకటి నల్ల డయల్ ఫోన్లలో ఉండేదీ ఇదే. ఏళ్ల తరబడి కదలకుండా పడుంటే రవ్వ గడ్డకడుతుంది కాబట్టి, చిన్నప్పుడు ఫోన్ రిసీవర్‌ను తట్టినట్టే అరచేతికేసి మెల్లగా నాలుగుసార్లు తట్టాను, ప్రాణం వచ్చింది. ఇప్పటికీ వారానికోసారి ఈ సేవ తప్పదు.

ఇప్పటి రిగ్‌కు, అంటే హామ్ రేడియో సెట్టుకు, నేరుగా తగిలించి మాట్లాడేద్దాం అనుకుంటే కుదరదు. దీనికి డీసీ (బ్యాటరీ కరెంటు) ఇవ్వాలి. నేను 9 వోల్టుల బ్యాటరీకి 1 కిలో ఓమ్ రెసిస్టర్ పెట్టి, 1 మైక్రోఫారడ్ కెపాసిటర్ గుండా ఆడియో ఒక్కటే రిగ్‌కు పోయేలా చేశాను. మామూలు మైక్ కన్నా గట్టిగా ఇస్తుంది, మధ్యలో ఒక ప్రీసెట్ (తిప్పి సరిచేసే చిన్న రెసిస్టర్) పెట్టి తగ్గించకపోతే రిగ్ తట్టుకోదు. ఇక దాని ప్లగ్ ఇంకో తలనొప్పి. మన దుకాణాల్లో దొరికే జాక్ 6.35 మిల్లీమీటర్లు, ఇది 5.2, పెడితే లొడలొడ. ఎలాగూ రబ్బరు వైరు పగుళ్లు వచ్చి, పవర్ పెంచితే ఆర్‌ఎఫ్ (రిగ్ పంపే రేడియో తరంగం) అందులోకి ఎక్కి గొంతు గరగరలాడుతోంది కదా అని మొత్తం తీసేసి షీల్డు వైరు వేసి, ఆ ఆర్‌ఎఫ్‌ను అడ్డుకునే ఫెరైట్ రింగు తొడిగాను. గరగర పోయింది.

గాలిలో మాత్రం దీని దారే వేరు. 40 మీటర్ల బ్యాండ్‌లో (తరంగం పొడవును బట్టి పెట్టిన పేరు) మే నెల సాయంత్రం, ఉరుముల చిటపటల మధ్య విశాఖ మిత్రుడితో మైకులు మార్చి మార్చి మాట్లాడాను. "అన్నా, ఇది పాత టెలిఫోన్ గొంతులా ఉంది, కానీ మాట ఇందులోనే తెలుస్తోంది" అన్నాడు. మంద్ర స్వరాలు తక్కువ, మధ్య స్వరాలు ఎక్కువ, అందుకే ఎస్‌ఎస్‌బీలో (హామ్‌లు దూరాలకు మాట పంపే పద్ధతి) రొదను చీల్చుకుని పోతుంది. సిగ్నల్ బాగున్న రోజు మాత్రం చెవికి మోటుగానే ఉంటుంది. ఊళ్లో హామ్‌లతో ఎఫ్‌ఎం మీద కబుర్లకైతే దండగ, మామూలు మైకే నయం.

ఐదుకు మూడున్నర. టంకం పట్టడం రాకపోతే రెండు. తీసేసిన పాత వైరు ప్లగ్గుతో సహా డబ్బాలో దాచాను, పారేయడానికి చేతులు రాలేదు.