సీసాలో ఉన్నది రియాక్టర్‌లో ఉన్నదేనా: శాంప్లింగ్ పరికరాలతో పద్నాలుగేళ్లు

2013 వానాకాలం, నైట్ షిఫ్టు. ఎస్‌ఎస్ (స్టెయిన్‌లెస్ స్టీల్) రియాక్టర్‌లో, అంటే రసాయనాలు కలిపి వేడిచేసే పాత్రలో, రియాక్షన్ పూర్తికావాల్సిన టైము. బాటమ్ వాల్వు కింద మోకాళ్ల మీద కూర్చుని 100 ఎంఎల్ సీసాలో శాంపిల్ పట్టి క్యూసీకి (క్వాలిటీ ల్యాబ్‌కి) పంపాం. స్టార్టింగ్ మెటీరియల్ (రియాక్షన్‌లో మారకుండా మిగిలిన ముడిసరుకు) ఇంకా 4 శాతం ఉందని రిజల్టు వచ్చింది. ఉండాల్సింది 0.5 లోపు. సరేనని ఇంకో రెండు గంటలు అదే వేడిలో ఉంచి మళ్లీ పట్టాం. మళ్లీ 4కి దగ్గరే. ఇంకో రెండు గంటలు. తెల్లవారుజామున మా సీనియర్ ఆపరేటర్ వచ్చి, "బాబూ, ఆ వాల్వు మెడలో ఉన్న సరుకు తిరగట్లేదండి. ఒక లీటరు క్యానులోకి వదిలేసి అప్పుడు పట్టండి" అన్నాడు. అలాగే పట్టాం. 0.2 వచ్చింది. రియాక్షన్ ఎప్పుడో అయిపోయింది. మేం నాలుగు గంటలు అనవసరంగా వేడిలో ఉంచి ఇంప్యూరిటీ పెంచుకున్నాం. ఆ బ్యాచ్‌ను మళ్లీ క్రిస్టలైజ్ చేయాల్సి వచ్చింది.

పొద్దున డ్యూటీ దిగేముందు టేపు పెట్టి కొలిచాను. నాజిల్ బోరు 50 ఎంఎం, బాల్ వాల్వు దాకా పొడవు 150 ఎంఎం. లోపల పట్టేది దాదాపు 300 ఎంఎల్. పైన స్టిర్రర్ ఎంత తిరిగినా ఆ మెడలోకి కదలిక రాదు, జాకెట్ (రియాక్టర్ చుట్టూ వేడినిచ్చే తొడుగు) వేడి కూడా సరిగా అందదు. మేం మొదటి రెండుసార్లు పట్టిన 200 ఎంఎల్ మొత్తం ఆ మెడలోదే. క్యూసీ వాళ్ల హెచ్‌పీఎల్‌సీ మెషీను తప్పు చెప్పలేదు. వాళ్లకు మేం పంపిందే రియాక్టర్‌లోది కాదు.

నేను విశాఖ దగ్గర పరవాడ ఫార్మా సిటీలో ఒక బల్క్ డ్రగ్ (మందుల్లో వాడే అసలు రసాయనం) యూనిట్‌లో పనిచేస్తాను. 2011లో ప్రొడక్షన్ కెమిస్టుగా చేరాను, ఇప్పుడు షిఫ్టు ఇన్‌చార్జిని. రియాక్టర్లు, ట్రాన్స్‌ఫర్ లైన్లు, డ్రమ్ములు, ట్యాంకర్లు, అన్నిటి దగ్గరా శాంపిల్ పట్టాను. శాంప్లింగ్ సామాను అమ్మడానికి ఎవరు వచ్చినా ఆ రాత్రి తర్వాత నేను ముందు అడిగేది ఒకటే: మీ పరికరం లోపల పాత సరుకు ఎంత నిలుస్తుంది? కేటలాగులో ఈ అంకె వెంటనే చూపించగలిగినవాళ్లు తక్కువ.

ఆ రియాక్టర్‌కే తర్వాత పిస్టన్ రకం శాంప్లింగ్ వాల్వు పెట్టించాం. ఇందులో బాల్ ఉండదు. మూసి ఉన్నప్పుడు పిస్టన్ ముందుకొచ్చి రియాక్టర్ లోపలి గోడకు సమంగా నిలుస్తుంది. అంటే నిలవ ఉండడానికి మెడే లేదు. చక్రం తిప్పితే పిస్టన్ వెనక్కి జరుగుతుంది, సరుకు పక్క నోట్లోంచి సీసాలోకి దిగుతుంది. మూసేటప్పుడు దారిలో ఉన్నదాన్ని పిస్టనే లోపలికి తోసేస్తుంది, కాబట్టి స్లర్రీ (పొడి కలిసిన చిక్కటి ద్రవం) అయినా గడ్డకట్టి కూర్చోదు. తొమ్మిదేళ్లుగా వాడుతున్నాం. చిక్కటి స్లర్రీకి ఇంతకన్నా మంచిది నేను చూడలేదు. దీని బలహీనత ప్యాకింగ్. పిస్టన్ చుట్టూ ఉండే టెఫ్లాన్ రింగులు గట్టి క్రిస్టల్స్ రాపిడికి అరుగుతాయి. మా దగ్గర ఏడాదికోసారి మార్చాల్సి వస్తోంది. గ్లాండ్ (ప్యాకింగ్‌ను బిగించి పట్టే భాగం) దగ్గర చిన్న తడి కనిపించిన రోజే మార్చాలి, "వచ్చే షట్‌డౌన్‌లో చూద్దాం" అనుకోకూడదు.

గ్లాస్ లైన్డ్ (లోపల గాజు పూత ఉన్న) రియాక్టర్లకు పైనుంచి తీసే వ్యాక్యూమ్ శాంప్లర్లు వాడతాం. డిప్ పైపు ఒకటి లోపలికి దిగి ఉంటుంది, పైన ఒక గాజు బుడ్డి, దానికి వ్యాక్యూమ్, నైట్రోజన్, డ్రెయిన్ వాల్వులు. వ్యాక్యూమ్ ఇస్తే సరుకు పైపులోంచి ఎక్కి బుడ్డిలో నిండుతుంది. నైట్రోజన్ వదిలితే తిరిగి రియాక్టర్‌లోకే దిగిపోతుంది. ఇలా మూడుసార్లు ఎక్కించి దించి, నాలుగోసారి ఎక్కినదాన్ని సీసాలోకి వదలాలి. పైపులో మిగిలిన పాత సరుకు అలా కడుక్కుపోతుంది. బయటికి వదిలేది ఏమీ లేదు, మ్యాన్‌హోల్ తెరిచే పని లేదు.

ఇది రాకముందు మ్యాన్‌హోల్ తెరిచి తాడు కట్టిన సీసా దించేవాళ్లం. అందులో ఉన్న నష్టం టీహెచ్‌ఎఫ్ అనే సాల్వెంట్ (కరిగించే ద్రవం) వాడే బ్యాచ్‌ల దగ్గర బాగా తెలిసింది. తేమ 0.05 శాతం లోపుకి వస్తేనే తర్వాతి స్టేజి మొదలుపెట్టాలి. జులైలో మా సముద్రపు గాలి ఎలా ఉంటుందో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు, ఆరేసిన బట్టలు ఆరవు. టీహెచ్‌ఎఫ్ ఆ తేమను వెంటనే పీల్చుకుంటుంది. ఇలా తీసిన శాంపిల్‌కు కార్ల్ ఫిషర్ (తేమ కొలిచే) పరీక్షలో 0.11, 0.09 అలా వచ్చేవి. ఫెయిలైందని మళ్లీ డిస్టిలేషన్ పెట్టేవాళ్లం. కొత్త శాంప్లర్ పెట్టిన మొదటి వారం ఒకే బ్యాచ్‌కు రెండు రకాలుగా తీసి పంపించాను. మ్యాన్‌హోల్ సీసాలో 0.10, గాజు బుడ్డి నుంచి నైట్రోజన్ కింద పట్టినదానిలో 0.03. అంతకుముందు రెండు వానాకాలాల్లో ఎన్ని గంటల ఆవిరి, ఎంత సాల్వెంట్ వృథా చేశామో తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

అయితే వ్యాక్యూమ్ అన్నిటికీ పనికిరాదు. ఎండీసీ (మిథైలీన్ డైక్లోరైడ్ సాల్వెంట్) మామూలు ఒత్తిడిలోనే 40 డిగ్రీలకు మరుగుతుంది. వ్యాక్యూమ్ ఇవ్వగానే బుడ్డిలో తెల్లగా బుడగలు లేచి సాల్వెంట్ ఎగిరిపోతుంది, సీసాలో మిగిలేది చిక్కబడిన సరుకు. అస్సే (అసలు సరుకు ఎంతుందో చూసే పరీక్ష) శాతం ఎక్కువగా కనిపిస్తే మేం మొదట వెయింగ్ తప్పనుకున్నాం. ఇప్పుడు ఎండీసీ బ్యాచ్‌లకు వ్యాక్యూమ్ కట్టేసి, రియాక్టర్‌లోకే కొంచెం నైట్రోజన్ ఒత్తిడి ఇచ్చి సరుకును పైకి తోస్తున్నాం. మూడు మీటర్లు ఎక్కడానికి ఎండీసీ సాంద్రత ప్రకారం చదరపు సెంటీమీటరుకు 0.4 కిలోల ఒత్తిడి సరిపోతుంది, మేం 0.5 ఇస్తాం. శాంప్లర్ కొనేటప్పుడే రెండు పద్ధతులకూ వాల్వులు ఉండేలా అడగండి. తర్వాత మార్పించడం చాలా ఇబ్బంది.

ఇంకో మాట, ఎండీసీ గురించే. దీని టీఎల్‌వీ (పనిచేసేవాళ్లు పీల్చే గాలిలో ఉండదగిన పరిమితి) ఎనిమిది గంటల సగటున 50 పీపీఎం, అంటే పది లక్షల భాగాల గాలికి 50. ముక్కుకు వాసన తెలిసేది అంతకంటే చాలా ఎక్కువ మోతాదులో. అంటే వాసన వస్తోందంటే పరిమితి అప్పటికే దాటిపోయినట్టు. మామూలు నైట్రైల్ గ్లవ్స్‌లోంచి నిమిషాల్లో చేతికి చేరుతుంది. మ్యాన్‌హోల్ మీద వంగి శాంపిల్ తీసి, షిఫ్టు చివర తలనొప్పితో బస్సెక్కిన కుర్రాళ్లు నాకు తెలుసు. క్లోజ్డ్ శాంప్లర్‌కు డబ్బెందుకని ఎవరైనా అంటే నేను ముందు ఈ మాటే చెబుతాను, క్వాలిటీ సంగతి ఆ తర్వాత.

సీల్స్ దగ్గర మేం చాలా పాఠాలు నేర్చుకున్నాం. ఒక సప్లయర్ అన్ని వాల్వులకూ వైటాన్ (ఒక రకం రబ్బరు) ఓ రింగులు వేసి ఇచ్చాడు. టోలూయిన్ రియాక్టర్‌లో అవి బాగానే నిలబడ్డాయి. అసిటోన్, టీహెచ్‌ఎఫ్ తగిలినచోట నెల తిరక్కుండానే ఉబ్బిపోయాయి. విప్పి చూస్తే గాడిలోంచి బయటికొచ్చి, నొక్కితే బెండులా అణిగింది. తర్వాత పైన టెఫ్లాన్ తొడుగు ఉన్న ఓ రింగులు వేయించాం. ఇవి కాస్త గట్టిగా ఉంటాయి, బిగించేటప్పుడు ఓపిక కావాలి, కానీ మాకున్న సాల్వెంట్లన్నిటికీ తట్టుకున్నాయి. ఆర్డర్‌లో "సీల్ మెటీరియల్" అన్న గడిని ఖాళీగా వదలొద్దు. మీ సాల్వెంట్ల పేర్లన్నీ రాసి పంపండి.

ట్రాన్స్‌ఫర్ లైన్ల మీద పెట్టినది సూదీ, సెప్టమ్ రకం. సీసా మూతలో రబ్బరు సెప్టమ్ (సూది గుచ్చడానికి వీలైన బిళ్ల) ఉంటుంది. సీసాను కింది నుంచి పైకి నొక్కితే రెండు సూదులు దిగుతాయి: ఒకదానిలోంచి సరుకు వస్తుంది, రెండోదానిలోంచి సీసాలోని గాలి వెంట్ లైన్‌కి పోతుంది. తీసేశాక సెప్టమ్ తనంతట తనే మూసుకుంటుంది. పలచటి, శుభ్రమైన ద్రవాలకు ఎంతో హాయి. ఒక్క చుక్క చేతికి అంటదు. పొడి కణాలుంటే మాత్రం సూది బిగుసుకుపోతుంది. దీన్ని ఎక్కడ బిగించారన్నది కూడా ముఖ్యం. మాకు మొదట అడ్డంగా వెళ్లే పైపు అడుగున పెట్టారు. అడుగున మడ్డి చేరి ప్రతి శాంపిల్‌లోనూ నల్లటి నలుసులు వచ్చేవి. నిలువు పైపులో, ద్రవం పైకి పోయే చోటుకు మార్చాక ఆ గొడవ పోయింది. నిలువు పైపు దొరక్కపోతే అడ్డ పైపుకు పక్కన పెట్టించండి, పైన వద్దు, కింద వద్దు. సీసా నిండా పట్టకూడదు, ఐదింట ఒక వంతు ఖాళీ ఉంచాలి.

డ్రమ్ముల సంగతి చిన్నదే. గాజు గొట్టం దించి, పైన బొటనవేలితో మూసి తీసే పద్ధతి ఇప్పటికీ నడుస్తుంది. గొట్టాన్ని మెల్లగా దించాలి, లేకపోతే లోపలికి ఎక్కేది అడుగునున్న సరుకే, పై పొర రాదు. ఒకసారి గొట్టం డ్రమ్ము నోటికి తగిలి విరిగింది. గాజు ముక్కల వల్ల 200 లీటర్ల డ్రమ్మునే పక్కన పెట్టాల్సి వచ్చింది. అప్పటి నుంచి యాసిడ్లకు టెఫ్లాన్ గొట్టం, మిగతావాటికి ఎస్‌ఎస్ గొట్టం వాడుతున్నాం.

ట్యాంకర్ల దగ్గర మోసపోయాం. 20 కేఎల్ (20 వేల లీటర్ల) టోలూయిన్ ట్యాంకర్, పైమూత తీసి పైనుంచే శాంపిల్ పట్టాం. తేమ పాస్. దింపుకున్న మర్నాడు రియాక్టర్‌లో చార్జ్ చేస్తుంటే లైట్ గ్లాస్‌లోంచి (రియాక్టర్ లోపలికి చూసే అద్దంలోంచి) కింద వేరే పొర కనిపించింది. నీళ్లు. టోలూయిన్‌లో నీళ్లు చాలా కొద్దిగానే కరుగుతాయి, మిగతావి బరువెక్కువ కాబట్టి అడుగుకు దిగిపోతాయి. పైనుంచి తీసిన సీసాకు ఆ సంగతి ఎలా తెలుస్తుంది? ఆ తర్వాత అడుగు శాంప్లర్ కొన్నాం. బరువైన ఇత్తడి గొట్టం, కింద చిన్న పిన్ను. అడుగు తగలగానే పిన్ను పైకి జరిగి నోరు తెరుచుకుంటుంది, ఎత్తగానే మూసుకుంటుంది. ఇంత సులువైన పరికరం, పదకొండేళ్లుగా ఒక్క రిపేరు లేదు. ఇప్పుడు ప్రతి కంపార్ట్‌మెంట్‌కూ అడుగు నుంచి ఒకటి, మిగతా లోతుల నుంచి మూడు తీస్తాం: పైది ద్రవం లోతులో ఆరో వంతు దగ్గర, రెండోది సగంలో, మూడోది ఆరింట ఐదు వంతుల దగ్గర. ఎండీసీ ట్యాంకర్‌కైతే నీళ్లు పైన తేలుతాయి, అక్కడ పై శాంపిలే కళ్లు తెరిపిస్తుంది.

ఇక్కడ ప్రాణానికి సంబంధించిన సంగతి ఒకటుంది. టోలూయిన్, హెక్సేన్ కరెంటును దాదాపు పోనివ్వవు. పైపులో పారేటప్పుడు పుట్టిన స్టాటిక్ ట్యాంకులో చాలాసేపు నిలిచి ఉంటుంది. టోలూయిన్ ఆవిరి గాలిలో 1.1 నుంచి 7.1 శాతం మధ్య ఉంటే అంటుకుంటుంది. మా ఊరి 30 డిగ్రీల వేడికి నైట్రోజన్ లేని ట్యాంకు లోపల ఉండేది సరిగ్గా ఆ మధ్యలోనే. అలాంటి చోట నైలాన్ తాడు కట్టిన ఎస్‌ఎస్ డబ్బా దించితే, ఆ డబ్బా ఛార్జి పట్టుకుని గోడ దగ్గరకొచ్చినప్పుడు నిప్పురవ్వ వేయగలదు. మేం నూలు తాడు వాడతాం, లేదా ఎర్తింగ్ క్లిప్పు ఉన్న లోహపు తీగ. పెద్ద ట్యాంకు నింపాక కనీసం 30 నిమిషాలు ఆగనిదే మూత తీయం. ఒక అమ్మకందారు మెరిసే పసుపుపచ్చ నైలాన్ తాడుతో శాంప్లర్ కిట్టు తెచ్చి, "మురికి పట్టదు సార్" అన్నాడు. గొట్టం బాగుంది, తీసుకున్నాను. తాడును అతని ముందే కోసి పక్కన పడేశాను.

వచ్చే నెల మాకు రెండు కొత్త రియాక్టర్లు వస్తున్నాయి. రెండింటికీ కింద పిస్టన్ వాల్వులే. డ్రాయింగ్‌లో ఫ్యాబ్రికేటర్ శాంపిల్ నోటిని నేలకు అడుగున్నర ఎత్తులో గీశాడు. నడుము ఎత్తుకు తెమ్మన్నాను. బ్రాకెట్ పెరుగుతుంది, ఖర్చవుతుంది అన్నాడు. పాత రియాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి హెల్మెట్, గాగుల్స్, ఫేస్ షీల్డ్ పెట్టించి, ఖాళీ సీసా చేతికిచ్చి వాల్వు కింద కూర్చోమన్నాను. ఒక నిమిషం అలా కూర్చున్నాడు. ముఖం సరిగ్గా వాల్వు నోటికి ఎదురుగా వచ్చింది. సాయంత్రానికి డ్రాయింగ్ మార్చి పంపించాడు.