తొమ్మిదేళ్లు, మూడు మందులు

22వ ఏట నాకు సైకోసిస్ మొదలైంది, అంటే లేని గొంతులు వినిపించి, ఏది నిజమో ఏది కాదో తెలియని స్థితి. ఇప్పుడు 31. ఈ మధ్యలో రిస్పెరిడోన్, ఓలాంజపిన్, అరిపిప్రజోల్ మూడూ వాడాను. కొత్తగా మందు మొదలుపెట్టినవాళ్లు "ఏది మంచిది?" అని అడుగుతుంటారు. గొంతులను అణచడంలో మూడింటికీ దాదాపు ఒకే మార్కులు వేస్తాను. తేడా అంతా అవి ఒంటి నుంచి వసూలు చేసుకునేదానిలో ఉంది.

మొదట రిస్పెరిడోన్. 1 మిల్లీగ్రాముతో మొదలుపెట్టి క్రమంగా 4కు పెంచారు. మాత్ర వేసుకోగానే నిశ్శబ్దం వస్తుందనుకున్నాను. రాలేదు. చెవి పక్కనే తిట్టే గొంతు రెండో వారానికి పక్కగదిలోకి జరిగింది, ఆరో వారానికి వీధి చివరికి వెళ్లింది. ఏమంటోందో తెలియాలంటే నేనే చెవి రిక్కించాలి. ఒకరోజు అసలు రిక్కించడమే మరిచిపోయానని సాయంత్రానికి గుర్తొచ్చింది.

అయితే 4 మిల్లీగ్రాముల దగ్గర చేతులు బిగుసుకుపోయాయి. నా సంతకం చీమల బారంత సన్నగా అయిపోయి, బ్యాంకులో చెక్కు తిప్పి పంపారు. బిగుతుకు ట్రైహెక్సీఫెనిడిల్ ఇస్తే చేతులు వదులయ్యాయి, నోరు ఎండిపోయింది. ఆ తరువాత నెలసరి ఆగింది. ఒక రాత్రి రవిక తడిసి మెలకువ వచ్చింది. పాలు! గర్భం కాదని నాకు తెలుసు. అయినా పరీక్ష చేయించుకున్నాను. నాకు తెలుసు అనుకున్నవన్నీ నిజాలు కావని అప్పటికే నేర్చుకుని ఉన్నాను మరి. రక్తపరీక్షలో పాలు పట్టించే హార్మోన్ ప్రొలాక్టిన్ బాగా ఎక్కువగా ఉంది. రిస్పెరిడోన్ లాంటి మందులు మెదడులో సంకేతాలు మోసే డోపమిన్‌ అనే రసాయనాన్ని అడ్డుకుంటాయి. ప్రొలాక్టిన్‌కు కళ్లెం వేసేది కూడా ఆ డోపమినే. సిగ్గుతో నాలుగు నెలలు డాక్టరు గారికి చెప్పలేదు. ఆ నాలుగు నెలలు వృథా.

తరువాత ఓలాంజపిన్, రాత్రిపూట 10 మిల్లీగ్రాములు. ఎన్నో నెలల తరువాత హాయిగా నిద్రపోయాను. చేతులు మామూలయ్యాయి, నెలసరి తిరిగి వచ్చింది. కానీ ఆ ఆకలి వేరు. కడుపు నిండినట్టు చెప్పే గంట ఎవరో ఊడబీకినట్టుండేది. భోజనం ముగిసిన గంటకే వంటగదిలో డబ్బాల మూతలు తీస్తూ ఉండేదాన్ని. ఐదు నెలల్లో 11 కిలోలు పెరిగాను, పరగడుపు చక్కెర హద్దు దాటింది. "నోరు కట్టుకోవాలి" అని సలహా ఇచ్చినవాళ్లెవరూ ఈ మాత్ర వేసుకోలేదు.

2008లో వెలువడిన యూఫెస్ట్ అధ్యయనంలో, స్కిజోఫ్రేనియా తొలిదశలో ఉన్న 498 మందికి ఐదు మందులు పంచి ఏడాది చూశారు. వాటిలో పాతదైన హాలోపెరిడాల్ వేసుకున్నవారిలో 72 శాతం మంది ఆ మందు వదిలేశారు. ఓలాంజపిన్‌ను వదిలినవారు 33 శాతమే. లక్షణాలు మాత్రం అన్ని జట్లలోనూ ఇంచుమించు ఒకేలా, 60 శాతం దాకా తగ్గాయి. ఆ 33 శాతంలోని మనుషుల్లాంటిదాన్నే నేను.

మూడోది అరిపిప్రజోల్. తొలి మూడు వారాలు నరకం. కాళ్ల లోపల ఎవరో తీగలు మీటుతున్నట్టు ఉండేది. నిలబడే తిన్నాను, నిలబడే పళ్లు తోముకున్నాను, వరండాలో ఆ చివరి నుంచి ఈ చివరికి తిరుగుతూనే ఉన్నాను. "కాసేపైనా కూర్చోవే" అని అమ్మ బతిమాలేది. జబ్బు తిరగబెట్టిందని అందరూ అనుకుని మోతాదు 15కు పెంచితే ఇంకా ఎక్కువైంది. దాన్ని అకథీజియా అంటారు. పైకి చూస్తే ఆందోళనలాగే కనిపిస్తుంది కనుక ఇలా పొరబడటం మామూలే. "మనసుకు కాదండీ, కాళ్లకే స్థిమితం లేదు" అని నేను చెప్పాక, డాక్టరు గారు మోతాదు తగ్గించి ప్రొప్రనలాల్ కలిపారు. వారంలో కూర్చోగలిగాను. బరువు నెమ్మదిగా దిగింది, ప్రొలాక్టిన్ పెరగలేదు.

ఒంట్లో ఈ మందు సగానికి తగ్గడానికే దాదాపు 75 గంటలు పడుతుంది. ఒకరోజు మరిచినా తేడా తెలియదు. ఆ సుఖమే నన్ను మోసగించింది. మూడో ఏట ఎవరికీ చెప్పకుండా మానేశాను. నెల గడిచినా ఏమీ కాలేదు, చూశారా అని నాలో నేనే అనుకున్నాను. ఎనిమిదో వారంలో టీవీలో వార్తలు చదువుతున్నావిడ నన్ను పేరు పెట్టి పిలిచింది. మళ్లీ మొదలుపెట్టాక, పాత స్థితికి రావడానికి ఐదు నెలలు పట్టింది.

రెండు మందులు సరైన మోతాదులో తగినంతకాలం వాడినా పనిచేయనివారికి క్లోజపిన్ ఉంది. దానికి తెల్లరక్తకణాల పరీక్షలు క్రమం తప్పకుండా చేయించుకోవాలి. నాకు ఆ అవసరం రాలేదు కనుక దాని గురించి మాట్లాడను.

రిస్పెరిడోన్‌కు 5కి 2. ఇంతకన్నా తక్కువ మోతాదు దగ్గరే ఆగి ఉంటే 3 వేసేదాన్నేమో. ఓలాంజపిన్‌కు నిద్ర కోసం 3. అరిపిప్రజోల్‌కు 4. మిగిలిన ఆ ఒక్క మార్కూ వరండాలో నడిచిన మూడు వారాలకు కోత.