టైటాన్ మిస్సైల్ మ్యూజియం, అరిజోనా: ‘ఫీనిక్స్’ నిలబడిన బావి

‘స్టార్ ట్రెక్: ఫస్ట్ కాంటాక్ట్’ (1996) కథలో 2063 ఏప్రిల్ 5న జెఫ్రమ్ కాక్రన్ పాత అణుక్షిపణి మీద కాంతి వేగాన్ని మించి వెళ్లే ‘ఫీనిక్స్’ అనే ఓడను బిగించి ఎగరేస్తాడు. అటుగా పోతున్న వల్కన్లు అనే గ్రహాంతరవాసులు ఆ జాడ పసిగట్టి భూమ్మీద దిగుతారు. కథ జరిగేది మోంటానాలో. తెర మీద కనిపించే బావి (క్షిపణిని నిలబెట్టే భూగర్భ గొయ్యి), అందులోని టైటాన్-2 క్షిపణి మాత్రం టూసాన్‌కు దక్షిణాన 40 కిలోమీటర్ల దూరంలో, సహువారిటాలో ఉన్నాయి. నిజానికి మోంటానాలో ఉన్నవి మినిట్‌మ్యాన్ అనే వేరే రకం క్షిపణులు, టైటాన్-2లు కావు.

ఓడ ముక్కు కనిపిస్తుందని మాత్రం వెళ్లకండి. అది షూటింగ్ కోసం తొడిగిన ఫైబర్‌గ్లాస్ తొడుగు. ఇప్పుడు కనిపించేది 103 అడుగుల అసలు క్షిపణి. దాని కొనకు ఒక రంధ్రం కోసి ఉంటుంది. లోపల వార్‌హెడ్ (అణుబాంబు) లేదని చూపించడానికే అది. 760 టన్నుల పైకప్పు తలుపును సగమే తెరిచి కదలకుండా చేసిందీ అందుకే, సోవియట్ ఉపగ్రహాలు పైనుంచి చూసి ఖాయం చేసుకోవాలని.

అన్నిటికన్నా బాగుండేది కంట్రోల్ రూమ్. గది మొత్తం ఎనిమిది భారీ స్ప్రింగుల మీద వేలాడుతుంది, పైన బాంబు పడ్డా అదురు తగలకుండా. ప్రయోగానికి డ్యూటీలో ఉన్న ఇద్దరు అధికారులూ ఒకేసారి చెరో తాళం తిప్పి పట్టుకోవాల్సి ఉండేది. ఒక్కడే రెండూ తిప్పలేనంత ఎడంగా ఉంటాయి ఆ తాళాలు. సందర్శకుల్లో ఒకరిని కూర్చోబెట్టి తిప్పిస్తారు. అప్పట్లో తాళాలు తిప్పాక 58 సెకన్లలో క్షిపణి లేచేది. కలిస్తే చాలు వాటంతటవే మండే రెండు ద్రవాలను ట్యాంకుల్లో ఎప్పుడూ నింపి ఉంచడం వల్లే అంత వేగం. ప్రమాదమూ అక్కడే. 1980లో ఆర్కన్సాలోని డమాస్కస్ దగ్గర ఇలాంటి బావిలోనే పనిచేస్తున్నవాడి చేతిలోంచి జారిన రెంచి సాకెట్ క్షిపణి ఇంధన ట్యాంకుకు చిల్లు పెట్టింది. కొన్ని గంటలకు బావే పేలిపోయింది.

కాక్రన్ చేసిన పని వట్టి కల్పన అనుకునేవాళ్లు ఇంకోటి తెలుసుకోవాలి. 1965-66లో నాసా జెమిని వ్యోమగాముల్ని పది సార్లు పైకి మోసింది ఈ టైటాన్-2 రకమే. 1994లో క్లెమెంటైన్ అనే వ్యోమనౌక చంద్రుడి దగ్గరికి బయల్దేరిందీ, కొలువు దిగిన క్షిపణినే మార్చి చేసిన రాకెట్ మీద. ఆ సంగతి తెలిసి ఈ బావి ముందు నిలబడితే సినిమా మరింత నచ్చుతుంది.

దారి: ఐ-19 మీద 69వ ఎగ్జిట్, డువల్ మైన్ రోడ్. ఆ హైవే మీద దూరాలు కిలోమీటర్లలో రాసి ఉంటాయి, మైళ్లనుకుని పొరబడొద్దు. టికెట్ ముందే బుక్ చేసుకోండి. దిగడానికి 55 మెట్లు, నడక ఇనుప జాలీల మీద, కాబట్టి మడమ ఎత్తు చెప్పులు పనికిరావు. పొడుగ్గా ఉన్నవాళ్లు హెల్మెట్ పెట్టుకోవాలి. మెట్లు దిగలేనివాళ్లు బుకింగ్‌కు ముందే మ్యూజియంకు ఫోన్ చేయడం మంచిది. మామూలు టూర్‌లో క్షిపణిని అద్దాల వెనక నుంచే చూస్తారు. దగ్గరగా చూడాలంటే ఎక్కువసేపు సాగే ప్రత్యేక టూర్ ఎంచుకోండి, అదనపు ఖర్చు వృథా కాదు.