శాన్ సిరో స్టేడియం: 2009 నుంచి చూస్తున్నవాడి సమీక్ష

మాది చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ ఎగుమతి వ్యాపారం. ఏటా సెప్టెంబరులో ఇటలీలోని వెరోనాలో జరిగే రాతి ప్రదర్శనకు 2009 నుంచి వెళ్తున్నాను. ప్రదర్శన ముగిశాక రైల్లో మిలాన్ చేరి, అక్కడి శాన్ సిరోలో ఒక ఫుట్‌బాల్ మ్యాచ్ చూసిన తర్వాతే ఒంగోలుకు తిరుగు ప్రయాణం. కరోనా కాలంలో తప్ప ఈ అలవాటు తప్పలేదు.

రైలు దిగే మిలాన్ సెంట్రల్ స్టేషన్‌కు రూపకల్పన చేసిన ఉలిస్సె స్తాకీనీయే ఈ స్టేడియం తొలి రూపశిల్పుల్లో ఒకరు. ఏసీ మిలాన్ ఫుట్‌బాల్ క్లబ్ అధ్యక్షుడు పియెరో పిరెల్లి పూనికతో కట్టిన ఈ మైదానం 1926 సెప్టెంబరు 19న స్నేహపూర్వక మ్యాచ్‌తో మొదలైంది. సొంతగడ్డ మీద మిలాన్‌ను అదే నగరంలోని మరో క్లబ్ ఇంటర్ 6-3తో ఓడించింది. 1935లో స్టేడియం నగరపాలక సంస్థ చేతికి వచ్చింది, 1947లో ఇంటర్ కూడా ఇక్కడికే మారింది. మిలాన్, ఇంటర్ రెండింటికీ ఆడిన జుసెప్పె మెయాత్సా పేరు దీనికి 1980లో పెట్టారు గాని, పేట పేరైన శాన్ సిరోయే జనం నోట నిలిచింది.

నన్ను కట్టిపడేసింది మాత్రం 1955లో లేచిన రెండో అంతస్తు. దాన్ని చుట్టుకుంటూ పైకి సాగే వాలు దారులే స్టేడియం బయటి గోడ. మ్యాచ్‌కు ముందు వేలమంది ఆ దారుల్లో మెల్లగా ఎక్కుతుంటే, కట్టడమే కదులుతున్నట్టుంటుంది. రాయి అంచు తడిమి నాణ్యం చెప్పే వృత్తి కాబట్టి, మొదటి ఏడాదే ఆ కాంక్రీటు పిట్టగోడ మీద చేయి వేసి చూశాను. దశాబ్దాలుగా జనం చేతులు రాసుకుని, పాలిష్ పట్టిన పలకలా నున్నబడి ఉంది.

1990 ప్రపంచ కప్ కోసం పదకొండు గుండ్రటి కాంక్రీటు స్తంభాలు, ఎర్రటి ఇనుప దూలాలు, పైకప్పు, మూడో అంతస్తు చేరాయి. తూర్పున గుర్రప్పందేల మైదానం అడ్డు రావడంతో మూడో అంతస్తు మూడు వైపులే ఉంది. అక్కడికి ఎక్కేసరికి నా మోకాళ్లు పట్టేస్తాయి, కానీ మెట్ల వాలు ఎంత నిట్టనిలువుగా ఉంటుందంటే ముందువాడి తల ఎప్పుడూ అడ్డు రాదు. గోల్ పడినప్పుడు కాళ్ల కింద పుట్టే అదురు, పక్క క్వారీలో మందు పేల్చినప్పుడు గట్టు మీద నిలబడ్డవాడికి తెలిసే అదురు లాంటిదే. ఆ విస్తరణ వల్ల నష్టపోయింది గడ్డి: ఎండా గాలీ సోకక పదేపదే చచ్చిపోయేది. 2012లో సహజమైన గడ్డిలో కృత్రిమ పోగులు కుట్టిన తర్వాత తేడా నాకు కంటికే తెలిసింది.

2025 సెప్టెంబరు 30న, 19.7 కోట్ల యూరోలకు స్టేడియాన్ని రెండు క్లబ్బులకూ అమ్మేందుకు నగర మండలి ఆమోదించింది. రెండో అంతస్తుకు 70 ఏళ్లు నిండి వారసత్వ రక్షణ వర్తించే నవంబరు 10కి అయిదు రోజుల ముందే పత్రాలు పూర్తయ్యాయి. పక్కనే 71,500 మందికి కొత్త స్టేడియం కట్టి, పాతదాన్ని చాలావరకు కూల్చి, కొద్ది భాగమే మిగల్చాలన్నది ప్రణాళిక. వ్యతిరేకించే నగరవాసులు కోర్టులను ఆశ్రయించారు. క్లబ్బులకు ఆదాయం పెరగాలన్న వాదన నేను కాదనను. అయినా 2026 ఫిబ్రవరి 6న శీతాకాల ఒలింపిక్స్ ప్రారంభోత్సవాన్ని మోయగలిగిన కట్టడం మరమ్మతుకు పనికిరాదంటే నా మనసు ఒప్పుకోవడం లేదు. కనీసం ఆ వాలు దారుల చుట్టునైనా పూర్తిగా నిలపాలి.

చూడాలనుకునేవారు రెండో అంతస్తులో టికెట్ తీసుకోండి. టికెట్ మీద పేరుంటుంది కాబట్టి గుర్తింపు పత్రం వెంట ఉండాలి. మొన్న మా మేనల్లుడు, "మామయ్యా, కూల్చకముందే నాకూ ఒకసారి చూపిస్తారా?" అని అడిగాడు. ఈసారి సెప్టెంబరు మ్యాచ్‌కు టికెట్లు అమ్మకానికి రాగానే రెండు తీసుకుంటున్నాను.