బ్రెడ్ మెషిన్‌తో మూడు నెల్లూరు వేసవులు

మా ఇంట్లో బ్రెడ్ మెషిన్ ఉంది. అందులో బ్రెడ్ కాల్చి మాత్రం రెండేళ్లు దాటింది. వారానికి మూడు నాలుగుసార్లు అది పిండి కలుపుతుంది, అంతే. కుడి మణికట్టు నొప్పితో నేను చపాతీ పిండి కూడా పిసకలేని రోజుల్లో మావారు దాన్ని తెచ్చిపెట్టారు. మూడేళ్ల తర్వాత రాస్తున్నాను కాబట్టి కొత్త మోజు ఏమీ మిగల్లేదు.

కాల్చడం ఎందుకు మానేశానంటే, అందులో వచ్చే బ్రెడ్ ఇటుకలా నిలువుగా ఉంటుంది. పైభాగం పాలిపోయి ఉంటుంది. అడుగున బ్లేడు దిగిన చోట బొటనవేలు పట్టేంత బొక్క. అదే పిండిని బయటికి తీసి చుట్టి, చిన్న ఓవెన్‌లో కాలిస్తే బన్ను దగ్గర నుంచి పావ్ దాకా ఏదైనా వస్తుంది. అందుకే ఇదంతా పిండి కలపడం గురించే.

గిన్నె లోపలి గోడలకు నిలువుగా గట్లు ఉంటాయి. మొదట అలంకారం కోసమేమో అనుకున్నాను. 1980ల్లో జపాన్‌లో మత్సుషితా కంపెనీ ఇలాంటి యంత్రం తయారు చేస్తున్నప్పుడు పిండి సరిగా కుదరలేదట. ఇకుకో తనాకా అనే ఉద్యోగిని ఒసాకాలోని ఒక హోటల్లో రొట్టెల నిపుణుడి దగ్గర పని నేర్చుకుని, ఆయన పిండిని ఊరికే తిప్పడం లేదు, మెలిపెట్టి సాగదీస్తున్నాడని కనిపెట్టింది. ఆ సాగదీత కోసం గిన్నెలో గట్లు పెట్టారు. బ్లేడు తిప్పుతుంటే ముద్ద గట్టుకు తట్టుకుని ఆగుతుంది, సాగుతుంది, మళ్లీ జారుతుంది. మైదాలోని గ్లూటెన్, అంటే పిండికి సాగే గుణమిచ్చే మాంసకృత్తు, తీగలా పేనుకునేది ఆ లాగుడులోనే.

కొత్తవారు చేసే పెద్ద తప్పు, అన్నీ వేసి మీట నొక్కి వెళ్లిపోవడం. నేనూ అదే చేశాను. ముందు నీళ్లు, నూనె, ఉప్పు, పంచదార; వాటిని కప్పేలా మైదా; పైన చిన్న గుంట చేసి ఈస్ట్. ఇంతవరకు పుస్తకంలోనే ఉంటుంది. మూత తెరవవద్దన్న మాట పిండి పొంగేటప్పుడూ కాలేటప్పుడూ వర్తిస్తుంది. కలిపేటప్పుడు మాత్రం ఏడో నిమిషంలో తప్పకుండా తెరిచి చూడండి. అప్పటికి మోత మారాలి. మొదట్లో బురదలో కాలు లాగినట్టు వినిపించేది, ముద్ద కుదిరాక గోడకు టప్ టప్ మని కొట్టుకుంటుంది. అడుగున జిగటగా అంటుకుని తిరుగుతుంటే ఒక చెంచా మైదా చల్లండి. ముద్ద పగుళ్లుగా, గట్టిగా ఉండి మెషిన్ మూలుగుతుంటే ఒక చెంచా నీళ్లు. ఒక్కో చెంచా వేశాక నిమిషం ఆగి చూడాలి. మూలల్లో నిలిచిన పొడి పిండిని సిలికాన్ గరిటెతో లోపలికి తోయండి. స్టీలు గరిటె వాడితే గిన్నె పూత లేచిపోతుంది. కలపడం పూర్తయ్యాక నిమ్మకాయంత ముద్ద తీసి వేళ్లతో సాగదీస్తే, చిరగకుండా అవతలి వెలుతురు కనిపించేంత పల్చటి పొర రావాలి.

నా కొలత 400 గ్రాముల మైదాకు 250 మిల్లీలీటర్ల నీళ్లు, 7 గ్రాముల ఉప్పు, ఒక చెంచా ఇన్‌స్టంట్ ఈస్ట్. గ్లాసులతో కొలవకండి. అదే గ్లాసును నొక్కి నింపితే ఒక బరువు, వదులుగా నింపితే ఒక బరువు. మెషిన్ కన్నా ముందు చిన్న డిజిటల్ కాటా కొనాలి.

ఇక నెల్లూరు ఎండ. మెషిన్‌తో వచ్చిన పుస్తకం గోరువెచ్చని నీళ్లు పొయ్యమంటుంది. రాసినవారికి మా రోహిణి కార్తె తెలిసి ఉండదు. మొదటి వేసవిలో మేడ మీది ట్యాంకు నీళ్లే పోశాను, అవి స్నానానికి కాచినట్టున్నాయి. దానికి తోడు బ్లేడు రాపిడితో ముద్ద ఇంకాస్త వేడెక్కుతుంది. గంటన్నర తర్వాత మూత తీస్తే పిండి పొంగి, అలిసి, నడుమ కుంగిపోయి ఉంది. వంటింటి నిండా పుల్లటి కల్లు వాసన. కలిపాక ముద్ద 25 నుంచి 27 డిగ్రీల దగ్గర ఉంటే బాగుంటుందని తర్వాత తెలిసింది. అప్పటి నుంచి ఏప్రిల్, మే నెలల్లో ఫ్రిజ్ నీళ్లే పోస్తాను, ఈస్ట్ సగానికి తగ్గిస్తాను. కలపడం ఆగగానే మెషిన్ కట్టేసి ముద్దను బయటికి తీస్తాను, ఎందుకంటే పొంగించడానికి అది లోపల మళ్లీ వెచ్చబెడుతుంది. మన ఊళ్లో పిండికి వెచ్చబెట్టడం ఎందుకు చెప్పండి! తెరిచిన ఈస్ట్ పొట్లం గట్టి మూత డబ్బాలో ఫ్రీజర్‌లో పెట్టుకోండి.

అత్తయ్యకు ఈ యంత్రం మీద మొదటి నుంచీ అనుమానమే. ఆవిడ లెక్కలో చపాతీ పిండి చెవి తమ్మెలా ఉండాలి. 500 గ్రాముల గోధుమపిండికి 310 మిల్లీలీటర్ల నీళ్లు పోసి పది నిమిషాలు తిప్పి చూపించాను. ముద్దను నొక్కారు, తన చెవిని నొక్కుకున్నారు, "ఇంకొంచెం నాననివ్వు అమ్మాయీ" అన్నారు. ఆవిడ చెప్పిందే నిజం, అరగంట నానాకే అది సరిగ్గా వచ్చింది. ఆ ఏడాది మొహర్రం సమయంలో స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండుగకు ఆరోగ్య రొట్టె ఇవ్వాల్సి ఉంటే, పిండి దీంట్లోనే కలిపాను. మణికట్టు నయమైనందుకు ఇచ్చే రొట్టెకు మెషిన్ పిండి చెల్లుతుందా అని అత్తయ్య దారి పొడవునా అడుగుతూనే ఉన్నారు.

కష్టాలూ ఉన్నాయి. 250 గ్రాముల కన్నా తక్కువ పిండి వేస్తే బ్లేడుకు అందదు, ఇద్దరున్న ఇంటికి ఇది దండగ. గట్టి పిండి వేస్తే మెషిన్ వంటగట్టు మీద నడుస్తుంది. కింద రబ్బరు చాప వేశాను. ఒకసారి బ్లేడు పెట్టడం మరిచి, ఇరవై నిమిషాలు ఖాళీ ఇరుసు తిరుగుతుంటే పక్కగదిలో నిశ్చింతగా కూర్చున్నాను. కడగడం ఆలస్యమైతే బ్లేడు ఇరుసుకు పట్టేస్తుంది. గిన్నెలో వేడినీళ్లు పోసి పది నిమిషాలు ఉంచితే వదులుతుంది, లాగి ఊడదీయకండి. రెండో ఏడు చివర్లో గిన్నె అడుగున సీలు అరిగి నీళ్లు కారాయి. సర్వీసు వారు భాగం చెన్నై నుంచి రావాలంటూ నెలన్నర తిప్పారు. ఆ నెలన్నరా పిండి మావారే కలిపారు, బాగానే కలిపారు.

ఇది పాడైతే మళ్లీ ఇలాంటిదే కొంటాను. ఈసారి డబ్బు కట్టే ముందు, గిన్నె, బ్లేడు విడిగా దొరుకుతాయో లేదో దుకాణంలో అడుగుతాను.