విశ్రాంత జీవితంలో తొలి పుస్తకం: ఆత్మకథా, నవలా?

ఉద్యోగ విరమణ తరువాత కలం పట్టేవారిలో చాలామందికి ముందుగా తోచేది ఆత్మకథే. సంఘటనలూ వాటి వరుసా ముందే తెలిసి ఉంటాయి కనుక, తొలి పేజీలు త్వరగానే నిండుతాయి. న్యూయార్క్ పాఠశాలల్లో దాదాపు 30 ఏళ్లు పాఠాలు చెప్పిన ఫ్రాంక్ మెకోర్ట్, 1996లో 66 ఏళ్ల వయసులో బాల్య జ్ఞాపకాలను వెలువరించి, మరుసటి ఏడాది పులిట్జర్ బహుమతి అందుకున్నారు.

నవల అంత తేలిగ్గా లొంగదు. ‘మా అధికారి కోపిష్ఠి’ అన్న ఒక్క వాక్యం ఆత్మకథలో సరిపోవచ్చు గానీ, నవలలో ఆయన కళ్లజోడు తీసి బల్లమీద పెట్టి, సంతకం చేయబోయిన కలానికి మళ్లీ మూత బిగించి, ఎదుట నిలబడ్డ గుమస్తా వైపు చూడకుండానే కాగితాన్ని వెనక్కి తోసే తీరు పాఠకుడి కళ్లకు కట్టాలి. ఏళ్ల తరబడి నివేదికలు రాసిన చేతికి సారాంశం ముందే చెప్పేసే అలవాటు ఉంటుంది. దాన్ని వదిలించుకోవడమే, నా దృష్టిలో, అన్నిటికన్నా కష్టమైన పని.

సమయం విషయానికొస్తే, రోజుకు 500 పదాల చొప్పున 80,000 పదాల చిత్తుప్రతికి 160 రోజులు చాలు; తిరగరాయడానికి అంతకు మించి పట్టవచ్చు.

అయినా నేను నవలవైపే మొగ్గుతాను. ఆత్మకథలో బతికున్న బంధువుల, సహోద్యోగుల గుట్టు కాపాడడానికి ఎన్నో నిజాలను దాచవలసి వస్తుంది. నవలలో పేర్లూ ఊళ్లూ మార్చడంతో సరిపెట్టక, రెండు మూడు జీవితాలను కలిపి ఒక పాత్రగా మలిస్తే, ఆ గుమస్తా మనసులో మాట కూడా వినిపించవచ్చు.